చెయ్యి తిరిగినవాళ్లూ తడబడేది ఎందుకు?

తమిళనాడులోని మదురై ప్రాంతంలో 87 మంది పల్లెవాసులతో కొందరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరితో ఆరు ఆటలు ఆడించారు. వెలిగి ఆరే దీపాల వరుసను గుర్తుపెట్టుకుని అదే వరుసలో మీటలు నొక్కడం, లోహపు ముక్కలను ఒక చట్రంలో పట్టేలా సర్దడం, వినిపించే అంకెల్లో చివరి మూడూ చెప్పడం లాంటివి. బాగా ఆడితే డబ్బు ఇస్తారు, కానీ అందరికీ ఒకే మొత్తం కాదు. కొందరికి ఆటకు 4 రూపాయల వరకు, కొందరికి 40 వరకు, మిగిలినవాళ్లకు 400 వరకు. ఆరు ఆటలూ చక్కగా ఆడితే ఈ చివరి గుంపులో ఒకరికి 2,400 రూపాయలు వస్తాయి. అప్పట్లో అక్కడ ఒక మనిషికి దాదాపు ఆరు నెలల ఖర్చు అది.

అంత డబ్బు కళ్లముందు ఉంటే ఎవరైనా ప్రాణం పెట్టి ఆడతారు, వాళ్లే ముందుంటారు అనుకుంటాం. జరిగింది వేరు. 4 రూపాయల వాళ్లకూ 40 రూపాయల వాళ్లకూ పెద్ద తేడా రాలేదు. 400 రూపాయల వాళ్లే అందరికన్నా వెనకబడ్డారు. డాన్ ఏరియలీ, జార్జ్ లోవెన్‌స్టైన్ తదితరులు 2009లో ప్రచురించిన ఫలితం ఇది. వాళ్లే అమెరికాలో ఎంఐటీ విద్యార్థులకు రెండు పనులు ఇచ్చి చూశారు. కీబోర్డు మీద రెండు మీటలను మార్చి మార్చి నొక్కే పనిలో, ఇస్తామన్న డబ్బు పెద్దదైతే విద్యార్థులు ఇంకా బాగా చేశారు. అంకెల పట్టికలో కూడితే పది వచ్చే జతను వెతికే పనిలో మాత్రం డబ్బు పెద్దదైతే ఫలితం తగ్గింది. ఒంటితో చేసే పనికి ఊపునిచ్చిన ఒత్తిడే బుర్రతో చేసే పనికి అడ్డం పడింది.

మనసులో ఒక లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన సంఖ్యను కాసేపు పట్టి ఉంచుకుంటాం కదా, ఆ చోటును వర్కింగ్ మెమరీ అంటారు. అది చాలా చిన్నది. ‘ఇది తప్పితే ఎలా, ఇంట్లో ఏమంటారు’ అన్న ఆలోచన కూడా వచ్చి అక్కడే కూర్చుంటుంది. అప్పుడు లెక్కకు చోటు మిగలదు. సియాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2005లో చూపించిన విషయం నన్ను బాగా కదిలించింది. కష్టమైన లెక్కల్లో ఒత్తిడికి ఎక్కువ దెబ్బతిన్నది వర్కింగ్ మెమరీ బాగా ఉన్నవాళ్లే. మామూలప్పుడు వాళ్లు ఎక్కువగా ఆధారపడేది దాని మీదే. ‘ఇంట్లో అన్నీ చేస్తాడు, పరీక్షలో ఏమవుతుందో తెలియదు’ అని తల్లిదండ్రులు అంటుంటే, పిల్లవాడు సరిగా చదవలేదని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ తల్లిదండ్రుల మాటే నిజమై ఉంటుంది.

అన్ని పనులూ ఇలా చెడవు. రోజూ బండి మీద ఊరంతా తిరిగేవాడు డ్రైవింగ్ టెస్టులో అధికారి చూస్తుండగా ఎనిమిది అంకె ఆకారంలో నడపమంటే కాలు కింద పెట్టేస్తాడు. ఇక్కడ కొరత వర్కింగ్ మెమరీది కాదు. ఎప్పుడో చేతికి అలవాటైపోయిన పనిని మళ్లీ బుర్ర తన చేతుల్లోకి తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు. బైలాక్ బృందమే గోల్ఫ్ ఆటగాళ్లతో ఇది పరీక్షించింది. చెయ్యి తిరిగిన ఆటగాళ్లను తమ చేతి కదలికనే గమనిస్తూ కొట్టమంటే గురి తగ్గింది. ఆడుతూనే వేరే పని మీద ధ్యాస పెట్టమన్నా వాళ్ల ఆట చెడలేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలో సరిగ్గా తలకిందులు. అందుకే అనుభవం ఉన్నవాడికి ‘జాగ్రత్తగా, ఒక్కొక్కటీ చూసుకుని చెయ్’ అని చివరి నిమిషంలో చెప్పే సలహా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని నా నమ్మకం.

ఇక హాలులో గుర్తురాని జవాబు బయటికొచ్చి బస్సెక్కగానే గుర్తుకు రావడం. టెన్షన్ పడినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. 2000లో జూరిక్ శాస్త్రవేత్తలు కొందరికి కొన్ని పదాలు నేర్పి, మర్నాడు అడిగే ముందు కార్టిజోన్ మాత్ర ఇచ్చారు. ఒంట్లోకి వెళ్లాక అది కార్టిసాల్‌గా మారుతుంది. మాత్ర వేసుకున్నవాళ్లు తక్కువ పదాలు చెప్పగలిగారు. అదే మాత్రను నేర్చుకునే ముందు ఇస్తే ఆ నష్టం కనిపించలేదు. అంటే చదివింది తలలోనే ఉంది, బయటికి తీసే దారి కాసేపు మూసుకుపోయింది. ‘ఏం చదివావురా ఇన్నాళ్లూ’ అని పిల్లవాణ్ణి తిట్టే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని పెద్దలను నిజంగా వేడుకుంటున్నాను.

దీనికి మందేమిటి? జెరార్డో రమిరెజ్, బైలాక్ 2011లో తొమ్మిదో తరగతి పిల్లలను పరీక్షకు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆ పరీక్ష గురించి తమకున్న భయాలన్నీ కాగితం మీద రాయమన్నారు. పరీక్షంటే ఎక్కువ బెదిరే పిల్లలకు దానివల్ల మార్కులు పెరిగాయి. వేరే ఏదో విషయం రాసినవాళ్లకు ఆ లాభం రాలేదు. ‘భయపడకు’ అని నోరు మూయించడం కన్నా భయాన్ని రాసి బయట పెట్టుకోనివ్వడం నయమన్నమాట.

రెండోది, ఒత్తిడిలోనే సాధన చేయడం. నెదర్లాండ్స్‌లో పోలీసులకు తుపాకీ గురి నేర్పేటప్పుడు కొందరికి అట్ట బొమ్మలు పెట్టారు. మరికొందరికి ఎదురుగా మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి కూడా రంగు సబ్బు గుళ్లతో తిరిగి కాలుస్తాడు. శిక్షణకు ముందు ఎదురుకాల్పులనగానే అందరి గురీ తగ్గింది. తర్వాత అట్ట బొమ్మల మీద నేర్చుకున్నవాళ్లకు మళ్లీ తగ్గింది, ఎదురుకాల్పుల్లో నేర్చుకున్నవాళ్లకు తగ్గలేదు.

మన ఇంజినీరింగ్ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లే. ఇంట్లో మంచం మీద కూర్చుని, మధ్యలో లేచి టీ తాగుతూ రాసే మాక్ టెస్ట్ అట్ట బొమ్మ లాంటిది. ఏ లైబ్రరీలోనో, ఏ స్నేహితుడి ఇంట్లోనో, పక్కన నలుగురు రాస్తుండగా గడియారం పెట్టుకుని మూడు గంటలూ లేవకుండా రాస్తే పరీక్ష నాటి దడ ముందే కొంత పరిచయమవుతుంది.