శాతం మనిషికి, పింఛను కార్డుకు

వైకల్యాన్ని కొలిచేటప్పుడు ప్రభుత్వం మనిషిని చూస్తుంది. పింఛను మంజూరు చేసేటప్పుడు రేషన్ కార్డును చూస్తుంది. భార్యాభర్తలిద్దరూ దివ్యాంగులైన ఇళ్లలో పథకం మారుతుందంటే గుబులు రెట్టింపు కావడానికి అసలు కారణం ఇదే. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు వచ్చినప్పుడు విజయవాడ, గుంటూరు వార్డు సచివాలయాల్లో వినిపించిన ఆందోళనకూ మూలం అక్కడే ఉంది.

కేంద్రం 1995లో జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అందులో దివ్యాంగుల పింఛను లేదు. అది 2009లో వచ్చింది. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే. మొదట నెలకు 200 రూపాయలు, 2012 నుంచి 300. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత 40 శాతం నుంచే మొదలవుతుంది, మొత్తమూ చాలా ఎక్కువ. అంటే భారం దాదాపుగా రాష్ట్రానిదే. కాబట్టే ప్రభుత్వం మారిన ప్రతిసారీ పథకం పేరూ, మొత్తమూ, షరతులూ మారుతూ వచ్చాయి. 2014లో ఎన్టీఆర్ భరోసా కింద వైకల్యాన్ని బట్టి 1,000 లేదా 1,500 ఇచ్చారు. 2019లో వైఎస్సార్ పెన్షన్ కానుక వచ్చేనాటికి అది 3,000. 2024 జూలైలో మళ్లీ ఎన్టీఆర్ భరోసా: 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000.

మొత్తాలు పెరిగాయి, సంతోషమే. చిక్కంతా షరతుల్లో ఉంది. కుటుంబానికి ఒకే పింఛను అన్నది ప్రధాన సూత్రం. తీవ్ర వైకల్యం, డయాలసిస్ వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. ఆపై కుటుంబ ఆదాయం, కారు, నెలకు 300 యూనిట్ల కరెంటు వంటి వడపోతలు. విజయవాడ కృష్ణలంకలో అమ్మానాన్నలతో, అన్నావదినలతో ఒకే మీటరు కింద కాపురముండే జంటను ఊహించుకోండి. వాళ్ల వైకల్యం ఆసుపత్రిలో తేలుతుంది, పేదరికం మాత్రం ఇంటిల్లిపాది కరెంటు బిల్లులో తేలుతుంది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, దివ్యాంగుల పెళ్లికి 2018లో చంద్రన్న పెళ్లికానుక కింద లక్ష, 2022లో వైఎస్సార్ కల్యాణమస్తు కింద లక్షన్నర ప్రకటించింది ఈ రాష్ట్రమే. పెళ్లికి కానుక, పెళ్లయి ఒకే కార్డులోకి వచ్చాక కత్తెర!

ఇక శాతాల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్య శాతాన్ని తేల్చే సదరం వైద్య శిబిరాలు మొదలయ్యాక చేతిరాత ధ్రువపత్రాల స్థానంలో కంప్యూటర్ పత్రాలు వచ్చాయి. అప్పటికి అమల్లో ఉన్నవి 2001 నాటి కొలమానాలు. దివ్యాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది, 2018 జనవరిలో కేంద్రం కొత్త కొలమానాలు ప్రకటించింది. కాలు అదే కాలు, చెవి అదే చెవి అయినా, లెక్కకట్టే పద్ధతి మారితే శాతం మారవచ్చు. పింఛను పెరిగిన కొద్దీ దొంగ సర్టిఫికెట్లు పుట్టాయన్న ఫిర్యాదులను కొట్టిపారేయలేం. ఏరివేయాల్సిందే. కానీ శాతం తగ్గిన ప్రతి ఒక్కరినీ దొంగగా చూడటం అన్యాయం.

2025 జనవరిలో 15,000 తీసుకునేవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి, తర్వాత 6,000 వారి వంతు వచ్చింది. 40 శాతం లోపు తేలితే దివ్యాంగుల పింఛను రద్దు. అరవై దాటినవారైతే 4,000 వృద్ధాప్య పింఛనులోకి మార్పు. 15,000 జాబితాలో ఉండి ఆ స్థాయి వైకల్యం లేదని తేలితే 6,000కు దింపుడు.

ఒంటరి వ్యక్తికి ఇది ఒక అంకె మారడం. జంటకు అలా కాదు. మినహాయింపు వల్ల 6,000 చొప్పున ఇద్దరికీ వస్తున్న ఇంట్లో ఒకరిది రద్దయితే ఆదాయం సగం. భర్త 15,000 నుంచి 6,000కు దిగితే పోయే 9,000 నిజానికి అతన్ని లేపి కూర్చోబెట్టే మనిషి కూలి. భార్య ఆ పని చేస్తుందిలే అనుకోవడానికి ఆమెకూ చూపు లేదనుకోండి, అప్పుడేం చేయాలి? నోటీసులో దీనికి గడి లేదు. 2016 చట్టంలోని 24వ సెక్షన్ మాత్రం, ఇతరులకు ఇచ్చే ఇలాంటి పథకాల కన్నా దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలంటుంది.

నోటీసులు అందుకున్నవారికి అప్పీలుకు అవకాశమిచ్చారు. నగరాల్లో మున్సిపల్ కమిషనర్‌కు, పల్లెల్లో ఎంపీడీవోకు దరఖాస్తు చేసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో మళ్లీ పరీక్షిస్తారు. అక్కడా ఎవరి అప్పీలు వారిదే. భార్యాభర్తల కాగితాలను పక్కపక్కన పెట్టి చూసే బల్ల ఇంకా ఏ కార్యాలయంలోనూ వేయలేదు.