బ్యారెల్ మార్చేముందు ఒక్కమాట: ఎయిర్ రైఫిల్ గురించి అపోహలు – వాస్తవాలు

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ ఆట నేర్చుకునే పిల్లల రైఫిళ్లు విప్పి, బిగించి, సరిచేయడం నా పని. స్కోరు తగ్గగానే తల్లిదండ్రులు అప్పు చేసైనా కొత్త బ్యారెల్ తెప్పిద్దామంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గ్రూపు (టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు) చెదిరిందంటే బ్యారెల్ అరిగిపోయినట్టే.

ఇందులో పేలుడు మందు లేదు, మంట లేదు. సీసపు పెల్లెట్ (చిన్న గుండు) సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. సరిగ్గా చూసుకుంటే బ్యారెల్ ఒక పట్టాన అరగదు. ముందు అనుమానించాల్సింది బ్యారెల్ వెనక కొస దగ్గరుండే ఓ-రింగ్‌ అనే చిన్న రబ్బరు వలయాన్ని. గాలి బయటికి పోకుండా ఆపేది అదే.

ఈమధ్య వరంగల్ వైపు నుంచి ఓ తండ్రి కూతుర్ని తీసుకొచ్చాడు. "సార్, బ్యారెల్ ఖరాబైందంటున్నరు. కొత్తది తెప్పియ్యాల్నా?" అన్నాడు. "ఆగండన్నా, ముందు చూద్దాం" అని ఆ అమ్మాయి కొట్టిన టార్గెట్ కాగితాలు అడిగాను. రంధ్రాలు పక్కలకి పోలేదు, నిలువుగా ఒకదాని కింద ఒకటి జారాయి. అది వేగంలో తేడాకి గుర్తు. పది మీటర్లు పోయేసరికి పెల్లెట్ దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం సెకనుకు 3 మీటర్లు తగ్గినా ఇంకో అర మిల్లీమీటరు పైనే దిగుతుంది. టార్గెట్ మధ్యలో 10 పాయింట్ల వలయం అర మిల్లీమీటరు చుక్క. దశాంశ స్కోరులో పాయింటులో ఒక్కో పదోవంతుకు ఉన్న చోటు పావు మిల్లీమీటరే. అంటే అక్కడే రెండు పదోవంతులు పోయాయి.

రైఫిల్ టార్గెట్ వైపే ఉంచి, పెల్లెట్ పెట్టే చోట అతుకు మీద టిష్యూ కాగితం ముక్క ఆనించి కాల్చాం. కాగితం రెపరెపలాడింది. ఓ-రింగ్ తీసి భూతద్దం కింద చూస్తే వెంట్రుకంత గాటు. కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి వేశాను. ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. మళ్లీ కొట్టిన పదీ ఒకే రంధ్రంలో పడ్డాయి. ఆ అమ్మాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

అపోహ: బ్యారెల్ ఎంత గట్టిగా బిగిస్తే అంత కచ్చితం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మంచి బ్యారెళ్లు ఇలాగే పాడవుతాయి. బలమంతా పెట్టి ఎల్-కీ తిప్పితే క్లాంప్ (బ్యారెల్‌ని పట్టి ఉంచే బిగింపు) కింద బ్యారెల్ లోపలి గొట్టం కాస్త నొక్కుకుపోతుంది. అనుమానముంటే నైలాన్ కడ్డీతో ఒక పెల్లెట్‌ని వెనకనుంచి మెల్లగా తోయండి. అంతటా ఒకేలా జారాలి. క్లాంప్ దగ్గరికి రాగానే చేతికి బిగుతు తగిలి, దాటగానే వదులైతే జబ్బు అక్కడే. బ్యారెల్‌ని వెనక్కి పూర్తిగా కూర్చోబెట్టి, మరల్ని ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన అంకె వరకు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించాలి. స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) మరలకీ ఇదే పద్ధతి. ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా బిగిస్తే పెల్లెట్ పడే చోటు రోజూ మారుతుంది.

బరువులు తగిలించేటప్పుడు బ్యారెల్‌నీ కింద ఉన్న గాలి సిలిండర్‌నీ కలిపి పట్టే క్లిప్పులు వాడొద్దు. గాలి నింపినప్పుడు సిలిండర్ అతి స్వల్పంగా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడి బ్యారెల్‌కి పాకుతుంది.

అపోహ: పొడవైన బ్యారెల్ ఉంటే వేగం ఎక్కువ.

మీరు చూసే పొడవులో సగానికి దగ్గరగా ఉత్త గొట్టమే. అసలు బ్యారెల్ 42 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ముందు సైటుని (గురి చూసే భాగాన్ని) దూరంగా పెట్టడానికే ఆ గొట్టం.

అపోహ: బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు కాబట్టి 4.50 పెల్లెటే సరైనది.

డబ్బాల మీద 4.48 నుంచి 4.52 దాకా తల కొలతలుంటాయి. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కాల్చి చూస్తేగానీ తెలియదు. ఒకే కంపెనీ, ఒకే కొలత అయినా లాట్ నంబరు మారితే ఫలితం మారుతుంది. రైఫిల్‌ని కదలకుండా పట్టే వైస్‌లో బిగించి ఒక్కో లాట్‌తో పదేసి కొట్టండి. పదీ కలిసి చేసిన రంధ్రం వెడల్పులోంచి 4.5 మిల్లీమీటర్లు తీసేస్తే మిగిలేదే అసలు చెదురు. అది ఒక మిల్లీమీటరు లోపుంటే ఆ లాట్ డబ్బాలు కుదిరినన్ని కొని పెట్టుకోండి. నేనైతే కొత్త బ్యారెల్ డబ్బు ఇక్కడే పెట్టమంటాను. అరవై షాట్లలో షాటుకో పదోవంతు కలిసొచ్చినా ఆరు పాయింట్లు.

అపోహ: రోజూ నూనె పెట్టి తుడవాలి.

వద్దు. ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుళికలతో అప్పుడప్పుడు చాలు. ఇనుప కడ్డీ, తీగ బ్రష్షు అసలు దగ్గరికి రానీయొద్దు.

గాలి నింపే చోట నూనె మరీ ప్రమాదం. సిలిండర్‌లో ఉండేది 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి. దాని మరలకి మామూలు నూనె, గ్రీజు రాయకూడదు. ఆక్సిజన్ ఎప్పుడూ నింపకూడదు, పేలిపోతుంది. సిలిండర్ వయసు మామూలుగా తయారైన రోజు నుంచి పదేళ్లు. తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. పాత రైఫిల్ కొంటుంటే బ్యారెల్ కంటే ముందు ఆ తేదీ చూడండి.