ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్: గంటా నలభై నిమిషాలే, కానీ...

"గంటా నలభై నిమిషాల డొమెస్టిక్ ఫ్లైట్‌కి వీసా గొడవేంటండీ?" ఇరవై ఏళ్లుగా టికెట్లు కొడుతున్నాను. ఉత్తర నార్వేలోని ట్రోమ్సో నుంచి, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న లాంగియర్‌బ్యెన్ ఊరికి వెళ్తామని వచ్చేవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే.

ఆ దీవులు నార్వేవే. షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపులో మాత్రం లేవు. 1920లో సంతకాలైన ఒప్పందం కింద నడిచే చోటు, అక్కడికి వీసా అడగరు. ఈ సగం ముక్క పట్టుకుని "వీసా లేకుండా ఆర్కిటిక్" అంటూ వాట్సాప్‌లో ఒకటే తిప్పుడు. మరి ఫ్లైటెక్కేది ఎక్కడ? ట్రోమ్సోలోనో ఓస్లోలోనో కదా! ట్రోమ్సోలో పాస్‌పోర్ట్ కంట్రోల్ దాటితే షెంగెన్ వదిలేసినట్టు లెక్క. వచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా లోపలికి రావాలి. వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల గడిలో 01 ఉంటే ఆ ఒక్కటీ అప్పటికే వాడేశారు. 02 గానీ, మల్టిపుల్ గానీ ఉండాల్సిందే.

స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేసే ఓ కుర్రాడు, ఖమ్మం నుంచి వచ్చిన అమ్మానాన్నలతో బయల్దేరాడు. టికెట్లు కొట్టింది నేనే. అతనికి రెసిడెన్స్ పర్మిట్ ఉంది, ఇబ్బంది లేదు. పెద్దవాళ్ల స్టిక్కర్ చూపించమని నేను అడగలేదు. ట్రోమ్సో నుంచి ఫోన్: "అంకుల్, వెళ్తే వెనక్కి రానివ్వరంటున్నారు." వెనకాల వాళ్లమ్మ గొంతు: "నువ్వెళ్లిరా నాన్నా, మేమిక్కడే కూర్చుంటాం." ముగ్గురూ ఆగిపోయారు. టికెట్ల డబ్బులో రూపాయి వెనక్కి రాలేదు. అప్పట్నుంచి స్టిక్కర్ ఫోటో చూడందే అడ్వాన్స్ ముట్టను.

ఇక దూరం. ఫోన్‌లో మ్యాప్ చూసి నాలుగైదు గంటలనుకుని టెన్షన్ పడతారు కొందరు. ఆ మ్యాప్ ఉత్తరానికి పోయేకొద్దీ సాగుతుంది, భూమధ్యరేఖ దగ్గరతో పోలిస్తే ఈ దారిలో సగటున మూడున్నర రెట్లకు పైనే. అసలు దూరం 960 కి.మీ.కి అటూ ఇటూగా ఉంటుంది, హైదరాబాద్-ఢిల్లీ కన్నా తక్కువే. ఇంకొకాయన కాలిక్యులేటర్ తీసి, గంటకు 800 కి.మీ. వేగమైతే గంటా పావులోపే దింపాలిగా అంటాడు. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైం సార్. గేటు వదలడం, రెక్కల మీద మంచు కరిగించే డీఐసింగ్, పైకెక్కడం, దిగడం, మళ్లీ గేటు చేరడం, అన్నీ అందులోవే. పాస్‌పోర్ట్ క్యూ మాత్రం అందులో ఉండదు. అందుకే కనెక్షన్‌కి యాభై నిమిషాలు చాలంటే నేను ఒప్పుకోను.

ఓస్లో నుంచి నేరుగా అయితే 2,000 కి.మీ., దాదాపు మూడు గంటలు. ట్రోమ్సోలో ఆగే ఫ్లైటైతే దిగి, పాస్‌పోర్ట్ చూపించి, మళ్లీ ఎక్కాలి. టైం తేడా లేదు, అంతటా నార్వే గడియారమే.

చలికి ఫ్లైట్లు ఆగిపోతాయా అని అడుగుతారు. మైనస్ ఇరవైలోనూ ఎగురుతాయి. ఆపేది గాలి, పొగమంచు. ఒక ఫ్లైట్ పోతే గంటకో బస్సులా ఇంకోటి రాదు. అందుకే తిరుగు ప్రయాణంలో అదే రోజుకి వేరే పీఎన్‌ఆర్ మీద, అంటే విడి బుకింగ్‌గా, హైదరాబాద్ ఫ్లైట్ పెట్టమంటే పెట్టను, మీరు ఇంకో ఏజెంట్‌ని చూసుకున్నా సరే.