సిమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్: అపోహలు - వాస్తవాలు

బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను మాత్రమే చూసి విమానం నడపడమే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్. ఈ శిక్షణకు వచ్చే విద్యార్థుల్లోనూ, వారి తల్లిదండ్రుల్లోనూ ఒకే నమ్మకం పదేపదే ఎదురవుతోంది కనుక ముందుగా దాని సంగతే చెబుతాను.

అపోహ: సిమ్యులేటర్‌లో ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాల ఆధారంగా రన్‌వే వైపు దిగడం) చక్కగా చేసేవారు నిజమైన మేఘంలోనూ అంతే చక్కగా చేస్తారు.

వాస్తవం: కదలని సిమ్యులేటర్ మీ కంటికి, చేతికి, ఆలోచనకు తర్ఫీదు ఇస్తుంది; లోపలి చెవికి ఇవ్వదు. విమానం ఒకే వంపులో నిలకడగా తిరుగుతూ ఉంటే, చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం సుమారు 20 సెకన్లలో నాళాల వేగాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత తిరుగుతున్నామన్న స్పృహే శరీరానికి ఉండదు. అప్పుడు రెక్కలను సమం చేస్తే ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. సిమ్యులేటర్‌లో లోకలైజర్ సూదిని (విమానం రన్‌వే మధ్యరేఖకు సూటిగా ఉందో లేదో చూపేది) మధ్య నుంచి కదలనివ్వని ఒక విద్యార్థి, విమానంలో హుడ్ (బయటి దృశ్యం కనబడకుండా చేసే ముసుగు) పెట్టుకొని ఎడమ టర్న్ ముగించాక, అటిట్యూడ్ ఇండికేటర్ రెక్కలు సమంగా ఉన్నాయని చూపుతున్నా, తలను, భుజాన్ని ఎడమకు వాల్చి, యోక్‌ను (విమానాన్ని వంచే స్టీరింగును) కూడా మెల్లగా అటే తిప్పడం పక్క సీట్లోంచి చూశాను. అతనిలో నైపుణ్యం తక్కువై కాదు. శరీరం చెప్పే మాటను కాదనవలసిన అవసరం అతనికి అంతవరకు రాలేదు. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మంది పైలట్లను, బయట ఏమీ కనిపించని పరిస్థితిని కృత్రిమంగా కల్పించి పరీక్షిస్తే, సగటున 178 సెకన్లలో అందరూ అదుపు తప్పారు. కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా హుడ్ కింద గడిపే గంటలను ఖర్చు చూసి తగ్గించుకోకండి. టర్న్‌లో ఉన్నప్పుడు చార్టు కోసం తల వంచకండి, లోపలి చెవి ఇంకా తికమకపడుతుంది.

అపోహ: ఇంట్లో సిమ్యులేటర్‌పై ఎత్తు నిలపలేకపోతే పైలట్ కాలేము.

ఈ దిగులుతో నిద్ర మానుకున్న పిల్లలను చూశాను. స్ప్రింగు జాయ్‌స్టిక్‌లో గాలి ఒత్తిడి చేతికి అందదు, ట్రిమ్ (చేత్తో పట్టి ఉంచకుండానే విమానం నిలకడగా ఉండేలా చేసే సర్దుబాటు) కుదిరిందో లేదో తెలియదు. అందుకే చాలామందికి అసలు విమానమే తేలికగా ఉంటుంది. దయచేసి భయపడకండి.

అపోహ: ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే సాధన నిజమైనది.

మేఘంలో కనిపించేది తెలుపు మాత్రమే. ఆ డబ్బుతో విమానంలో ఎగరండి.

అపోహ: ఇంట్లో ఆడిన గంటలు లాగ్‌బుక్‌లో చేరతాయి.

చేరవు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (పరికరాల ఆధారంగా ఎగరడానికి ఇచ్చే అర్హతకు) డీజీసీఏ, అంటే దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ, అడిగే 40 గంటల్లో 20 వరకు సిమ్యులేటర్‌పై చేయవచ్చు, అయితే అది ఆమోదం పొందినదై ఉండాలి.

అపోహ: సిమ్యులేటర్ ఎప్పుడూ విమానం కంటే తక్కువే.

ఇదీ తప్పే. విమానం వంపును చూపే అటిట్యూడ్ ఇండికేటర్‌ను నడిపేది వ్యాక్యూమ్ పంపు. విమానంలో దాని వైఫల్యాన్ని నేర్పాలంటే మేము ఆ ఇండికేటర్‌కు మూత పెడతాము, అది పోయిందని విద్యార్థికి ఆ క్షణమే తెలిసిపోతుంది. నిజంగా పంపు పాడైతే ఆ పరికరం ఏ హెచ్చరికా లేకుండా మెల్లగా ఒరుగుతూ అబద్ధం చెబుతుంది, దాన్ని నమ్మి వెంట వెళ్లినవారు స్పైరల్‌లో (చుట్టలు తిరుగుతూ కిందికి దిగిపోయే స్థితిలో) పడతారు. ఆ మెల్లని ఒరుగుడును ఉన్నదున్నట్టుగా, ప్రాణభయం లేకుండా చూపగలిగేది సిమ్యులేటరే. ముందుగా చెప్పకుండా ఆ వైఫల్యాన్ని పెట్టమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. టర్న్ కోఆర్డినేటర్‌తోనూ (విమానం ఎటు తిరుగుతోందో చూపే మరో పరికరం), కంపాస్‌తోనూ సరిచూసుకొని దాన్ని పట్టుకోవడానికి మీకు ఎంతసేపు పడుతోందో గమనించండి.