ముల్లు దిగినా తెలియని పాదం: షుగర్ కాళ్లపై అపోహలు, వాస్తవాలు

అపోహ: నొప్పి లేదు కదా, పుండు అదే మానుతుంది.

నల్లగొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా డ్రెస్సింగ్ గదికి వచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇదే. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బు. పత్తి చేలల్లో పనిచేసే ఒక పెద్దమ్మ అరికాలి ఆనెకాయ చూపించుకోవడానికి వచ్చింది. గట్టిపడ్డ తోలును పొరలు పొరలుగా తీస్తే లోపల చీము, దాని అడుగున తుమ్మముల్లు మొన. చెప్పు తిరగేసి చూస్తే మిగతా ముక్క అందులోనే ఉంది. "ఎప్పుడు కుచ్చుకుందో ఎరుకే లేదు బిడ్డా" అంది. ఆనెకాయలను ఇంట్లో బ్లేడుతో కోసుకోవద్దు. జిల్లేడు పాలు అసలే వద్దు.

అపోహ: షుగర్ పుండంటే కాలు తీసేయాల్సిందే.

తాతల కాలంలో చాలామంది విషయంలో అంతే జరిగేది. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యాక షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, దాంతోపాటే కాళ్ల బాధలూ పెరిగాయి. ఇప్పుడు రక్తనాళం పూడుకుపోతే గుండెకు చేసినట్టే కాలికీ బెలూన్‌తో తెరుస్తున్నారు. చీము పట్టి ఆలస్యంగా వస్తే మాత్రం ఈరోజుకీ వేలో, పాదమో తీయక తప్పదు.

అపోహ: రోజూ డ్రెస్సింగ్ చేయిస్తే చాలు.

కట్టు కట్టించుకుని అదే కాలి మీద పొలానికి నడిస్తే ఏ మందూ పనిచేయదు. పుండు మీద బరువు పడకూడదు. ఈ పాఠం కుష్ఠు వైద్యం నుంచి వచ్చింది. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు కారణం స్పర్శ లేని చోట పదేపదే పడే ఒత్తిడేనని చూపించారు. పాదానికి అతుక్కునేలా పిండికట్టు వేస్తే బరువు అంతటా సర్దుకుని పుండు మానుతుంది. తర్వాత షుగర్ పాదాలకూ అదే పద్ధతి వచ్చింది.

మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులదీ ఇదే దారి. రాసిస్తే మొహం మాడ్చుకుంటారు, "అవి కుష్ఠోళ్లవి కదా సార్" అని. వాళ్ల కాలు కాపాడిన చెప్పు మన కాలికి నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు!

అపోహ: పుండు లేదు, ఉత్త వాపే.

ఒక్క పాదమే వాచి, రెండోదానికంటే వేడిగా ఉంటే, మొద్దుబారిన ఆ పాదంలో ఎముకలు విరుగుతూ ఉండొచ్చు. దీన్ని షార్కో పాదం అంటాం. వేడినీళ్ల కాపడం పెట్టకుండా, నడక ఆపేసి, ఆరోజే ఆసుపత్రికి రండి.