అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చునేవారికి: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మానసిక వైద్యురాలిగా నేను చూసేవాళ్లలో చాలామంది ముందు గుండె డాక్టరునీ, తర్వాత గ్యాస్ డాక్టరునీ కలిసి వచ్చినవాళ్లే. అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). ప్లాస్టిక్ కవరులోంచి ఏడు ఈసీజీలు తీసి బల్లమీద వరసగా పరిచాడు. అన్నీ నార్మల్. "అంతా బాగుందంటారు మేడమ్, మరి రాత్రి ఒంటిగంటకి నాకు ప్రాణం పోతున్నట్టు ఎందుకుంటది?" అన్నాడు.

అపోహ: టెస్టులు నార్మల్ అంటే జబ్బేమీ లేదు, ఊరికే భయపడుతున్నాడు.

జబ్బు ఉంది. దాన్ని ప్యానిక్ అటాక్ అంటాం. ప్రమాదం లేకపోయినా ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది. గుండె నిజంగానే దడదడలాడుతుంది, చెమటలు నిజంగానే పడతాయి. మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగిపోతుంది.

అయితే మొదటిసారి వచ్చినప్పుడు టెన్షనేలే అని ఇంట్లో కూర్చోవద్దు. ఛాతీలో బరువు, నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండె, థైరాయిడ్, రాత్రిపూట షుగర్ పడిపోవడం, గురకలో ఊపిరి ఆగడం, వీటిని ఒకసారి సరిగ్గా చూపించుకోవాలి. అన్నీ బాగున్నాయని తేలాక కూడా భయమేసినప్పుడల్లా ఈసీజీకి పరిగెత్తితే అనుమానం ఇంకా ముదురుతుంది.

అపోహ: ఏదో పీడకల వచ్చి ఉంటుంది.

పీడకలలు ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయి, గుర్తుంటాయి. ప్యానిక్ అటాక్ సాధారణంగా నిద్రపట్టిన ఒకటి నుంచి మూడు గంటల్లో, కలలేని నిద్రలోంచి లేపుతుంది.

అపోహ: ఆక్సిజన్ అందడం లేదు, గట్టిగా ఊపిరి పీల్చాలి.

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. గబగబా పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటికి పోతుంది. తల తేలిపోవడం, వేళ్లలో తిమ్మిర్లు, పెదాలు జివ్వుమనడం అందువల్లే. ఆ తిమ్మిర్లు చూసి పక్షవాతమేమోనని మళ్లీ భయం, ఆ భయానికి మళ్లీ గబగబా ఊపిరి. కొవిడ్ నాడు కొన్న ఆక్సిమీటరు ఆ రైతు ఇంట్లో ఉంది. అటాక్ వచ్చినప్పుడు ఆయన భార్య వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 98 శాతం చూపించింది. "చెరువులో డిఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగానే ఉంది, అలారమే తప్పుగా మోగుతోంది" అన్నాను. తెల్లవారేసరికి డిఓ పడిపోతుందేమోనని ఏళ్ల తరబడి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వింటూ పడుకున్న మనిషి కదా, చప్పున అర్థమైంది.

చేయాల్సింది ఇది. లేచి కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఐదు నిమిషాలు చాలు. మూతికి కవరు పెట్టుకుని ఊదవద్దు. తగ్గాక మళ్లీ అదే మంచం మీద పడుకోండి. హాల్లో లైటు వేసుకుని కుర్చీలో తెల్లవార్లూ కూర్చోవడం అలవాటైతే, నిద్రంటేనే భయం పట్టుకుంటుంది.

అపోహ: ఈ మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి.

ప్యానిక్‌కు రోజూ వేసుకోమని రాసే మందులు మత్తు కాదు, వ్యసనం కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆపేటప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలవాటుపడేది పక్కింటివాళ్లు చెప్పారని కొని మింగే అల్‌ప్రాజోలమ్ అనే మత్తుమాత్రకి. నిద్రకోసం వేసే రెండు పెగ్గులు కూడా అంతే: మత్తు దిగేవేళకి గుండెదడ రెట్టింపై లేపుతుంది. మందులు లేకుండా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సతో) బాగుపడినవాళ్లూ ఉన్నారు.

అపోహ: గాలి సోకింది.

తాయెత్తు కట్టించుకున్నారని నేను ఎవరినీ కోప్పడను. దాంతోపాటు డాక్టరు దగ్గరికీ రండి, ఆలస్యం చేయకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. చుట్టూ మూగి "ఏమైంది, ఏమైంది" అనకండి. ఒక్కరే పక్కన కూర్చుని, వాళ్లతోపాటు మెల్లగా ఊపిరి వదలండి. ఎవరూ లేని రాత్రయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.