తలలూపిన ఊళ్లన్నీ మారవు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో పొదుపు సంఘాలతో పని చేస్తాను. మీటింగులో అందరూ "సరే అక్కా" అంటారు. నెల తర్వాత పోయి చూస్తే ఎక్కడిదక్కడే! అలాంటి ఊళ్లు చాలా చూశాక ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి మాట చెవిన పడితే చాలు, జనం మారతారు.

వాస్తవం: వినడం వేరు, దిగడం వేరు. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న రైతుల్లోకి ఎలా పోయిందో ర్యాన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో రాశారు. విత్తనం సంగతి చాలామందికి మొదట చెప్పింది సేల్స్‌మన్లు. నమ్మకం కుదిరింది మాత్రం పక్క చేను రైతును చూశాకే. అప్పుడు కూడా ఒకేసారి చేనంతా వేయలేదు, ముందు కొంచెం వేసి చూసుకున్నారు.

మా దగ్గరా అంతే. కొత్తలో ఒక ఊళ్లో మరుగుదొడ్ల మీద మూడు మీటింగులు పెట్టాను. కట్టుకున్నారు. అందులో కట్టెలు పేర్చుకున్నారు! కొన్నాళ్లకు ఒకింటికి కోడలు వచ్చింది. పుట్టింట్లో అలవాటున్న పిల్ల, కట్టెలు బయట వేయించింది. పక్కింటి ఆడపిల్లలు చూశారు, వాళ్లమ్మలను సతాయించారు. నా మూడు మీటింగులకు రాని ఫలితం అక్కడ వచ్చింది. అప్పటి నుంచి కొత్త ఊరికి పోతే ముందు అడిగేది, ఈ ఊరి కోడళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారని.

అపోహ: ఊరి పెద్దను పట్టుకుంటే ఊరంతా వెనకే వస్తుంది.

వాస్తవం: ఆయన అడ్డు పడకపోతే అదే పదివేలు. ఆయనకు పోయేదేమీ లేదని అందరికీ తెలుసు, కాబట్టి ఆయన చేసి చూపించినా లెక్కలోకి రాదు. "మనలాంటిదే, ఆ యమ్మ చేసింది కదా, ఏమైంది?" అనేదే అసలు ప్రశ్న. ఆ యమ్మ ఒక్కతే అయితే నవ్వుతారు. ముగ్గురయ్యారంటే నవ్వు తగ్గుతుంది.

అపోహ: వీడియో వైరల్ అయితే పని అయినట్టే.

వాస్తవం: కబురు దూరం పోతుంది, నిజమే. ధైర్యం మాత్రం దగ్గరివాళ్లే ఇవ్వాలి.

అపోహ: చట్టం వస్తే ఇక వెనక్కి పోదు.

వాస్తవం: సారా పోరాటాన్నే చూడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మద్యం మానమని వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పలేదు, ఆ బాధ ప్రతి ఇంట్లో ఉన్నదే. సాయంత్రం పలకలు పట్టుకుని ఒకచోట కూర్చున్నాక, అది తన ఒక్క ఇంటి గొడవ కాదని ఒకరికొకరు తెలుసుకున్నారు. ఆ సెగ జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేశారు.

మద్యం మాట మా మీటింగుల్లో ఇప్పటికీ వస్తుంది. అజెండాలో ఉండదు. కంతులు రాసుకుని, పుస్తకాలు మూసి లేచేటప్పుడు ఎవరో ఒకరు మొదలు పెడతారు.